కస్తూరి కాన్పు

“నడిచేటప్పుడు జర కుంటుకుంట నడువు వదినా. ఇగ వేరే ఏం చెయ్యనక్కర లేదు,” అన్నాడు సదానందం, కూర గిన్నెను తన కంచం వైపు జరుపుకుంటూ.

ఆదివారం. చర్చి నుంచి వచ్చి అందరూ సుసన్నా క్వార్టర్లో భోజనానికి కూర్చున్నారు. సదానందం ఆమెకు మరిది, చనిపోయిన భర్త స్తెఫనుకు తమ్ముడు. వచ్చినప్పుడల్లా ఒక సలహా తెస్తాడు, పోయేటప్పుడు ఒక డబ్బా కూర తీసుకుపోతాడు. ఈసారి తెచ్చిన సలహా పెద్దది. సుసన్నాను అన్‌ఫిట్ చేయించాలని.

గోదావరిఖనిలో ఈ మాట వినని ఇల్లు లేదు. మనిషి ఒళ్లు ఇక డ్యూటీకి పనికిరాదని బొగ్గు కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. తండ్రి ఇంట్లో కూర్చుంటాడు, కొడుకు డ్యూటీ ఎక్కుతాడు, ఇంటికి జీతం ఆగదు. సుసన్నాకు ఇప్పుడు యాభై. కొడుకు టోనీకి ఇరవై ఏడు. అతను ఓపెన్‌కాస్ట్ గని దారుల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకరును కాంట్రాక్టరు కింద నడుపుతున్నాడు. కాంట్రాక్టరు రమ్మంటే పని, వద్దంటే లేదు. ఇంకొన్నేళ్లు పోతే సుసన్నాకు మిగిలిన సర్వీసు తరిగిపోయి ఈ దారి కూడా మూసుకుపోతుంది.

“నీ మోకాళ్లు నొస్తయా లేదా?” అని అడిగాడు సదానందం.

“నొస్తయి.”

“మరి ఇందుల అబద్ధమేమున్నది? రేపు సోమవారం దవాఖానకు పోయి సిక్కు లీవు రాయించుకో. నెల రెండు నెలలు సిక్కులో ఉంటెనే మన కాయితం బోర్డు దాక కదులుతది. నువ్వేమో ఒక్క నాగా పెట్టవు. హాజరు మస్టర్లు గంత నిండుగ ఉన్న మనిషిని అన్‌ఫిట్ చెయ్యుండ్రంటె డాక్టర్లు నవ్వరా?”

“ఎవలు నింపుమన్నరు గన్ని మస్టర్లు,” అంది అత్త సారవ్వ, ఎముక చప్పరిస్తూ. “మొగోళ్లు సుత పండుగకు పబ్బానికి నాగా పెడ్తరు. ఈమెకు జరమొచ్చినా డ్యూటే.”

సుసన్నా అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. “రేపు కాదు. కస్తూరి నీళ్లాడేదాక నేను కదల,” అంది.

కస్తూరి ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. సదానందానికి పొలమారింది. నీళ్లు తాగి, గుండె మీద తట్టుకుని, “కోతి కాన్పు అయినంక సిక్కులో ఉంటదట. విన్నవా అవ్వా? నీ కోడలు మంత్రసాని అయింది,” అన్నాడు. సారవ్వ నవ్వింది. టోనీ కూడా కొంచెం నవ్వి, తల్లి ముఖం చూసి ఆపుకున్నాడు. “అమ్మ ఇష్టం కాకా,” అన్నాడు. ఆ మాటలో అతని ఇష్టం లేదని సుసన్నాకు తెలిసింది.

“అత్తమ్మ ఇంట్ల కూసుంటె మనకే కష్టం,” అంది కోడలు శాలిని, మజ్జిగ పోస్తూ. “కోతులకు పెట్టినట్టు మనందరికి దుంపలు తూకమేసి పెడ్తది. అల్లరి చేస్తె తలుపేస్తది.” అందరూ నవ్వారు, సుసన్నా కూడా. కానీ శాలిని నవ్వుతూ నవ్వుతూ అత్త కంచంలోకే మజ్జిగ ముందు పోసిన సంగతి సుసన్నా గమనించింది.

పదకొండేళ్ల కింద కూడా ఇదే గది. స్తెఫను డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, చాయ్ అడిగి, ఆమె చాయ్ తెచ్చేలోపు గుండె ఆగి పోయాడు. ప్రార్థనలన్నీ అయ్యాక అందరూ ఇట్లాగే కూర్చుని అతని నౌకరి సంగతి మాట్లాడారు. టోనీకి అప్పుడు పదహారు. పిల్లవాడికి ఈడొచ్చేదాకా ఆగి, అతని పేరు మీద తీసుకుందామని సదానందం అన్నాడు. పెద్దలంతా తలలూపారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుసన్నా, “అప్పటిదాక ఏం తినాలె?” అని అడిగింది. అడగకూడని మాటేదో అన్నట్టు అందరూ ఆమె వైపు తిరిగారు. “నేనే చేస్త,” అంది మళ్లీ. సారవ్వ లేచి పోయేటప్పుడు కోడలి పక్కన ఆగింది. “చెయ్యి. ఇస్తరు, తీసుకో. గని అది నా కొడుకు నౌకరి. నువ్వు దానికి కావలి. పిలగాడు ఎదిగినంక వాని చేతుల పెట్టాలె. యాదుంచుకో.”

యాదుంచుకుంది. చాలా ఏళ్లు ఆ మాట ప్రకారమే నడిచింది. కావలి ఉన్న మనిషి పంట తనదనుకోదు. కానీ ఆ చేను దున్నింది తనే, నీళ్లు కట్టింది తనే, కలుపు తీసింది తనే అయినప్పుడు ఏమనుకోవాలో సారవ్వ చెప్పలేదు. డ్యూటీ పత్రాల మీద మొదటిసారి వేలిముద్ర వేసిన రోజు ఆ నీలం సిరా బొటనవేలిని పట్టుకుని వదల్లేదు. అన్నం కలుపుతుంటే కనిపించేది, అంట్లు తోముతుంటే కనిపించేది. ఆ వారమే కాలనీ చర్చిలో పాస్టరమ్మ సాయంత్రాలు నడిపే ఆడవాళ్ల బడికి పోయి కూర్చుంది. ముసలితనంలో పలక పట్టిందని సారవ్వ వాడంతా చెప్పుకుంది. సుసన్నాకు అక్షరాలు పలక మీద కంటే బోనుల మీదే బాగా వచ్చాయి. ఎందుకంటే కంపెనీ ఆమెను వేసిన చోటు ఆఫీసు కాదు, గని కాదు, జంతు పార్కు.

ఓపెన్‌కాస్ట్ తవ్వినప్పుడు తీసిన మట్టి గుట్టలా పేరుకుపోతే, దాని మీద చెట్లు పెంచి ఆ పార్కు కట్టారు. మొదట ఆమెది ఊడ్చే పని. చీపురు పట్టుకుని ఒక్కో బోను ముందూ ఆగి, బోర్డు మీది అక్షరాలను లోపలి జంతువుతో సరిపోల్చుకునేది. ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి మాట ‘నెమలి’. తర్వాత ‘దుప్పి’. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది ‘సింగళీకం’. అది రావడానికి ఒక వానాకాలం పట్టింది. అది చదవడం వచ్చేసరికి ఆ జంతువులంటేనే ఇష్టం పుట్టింది.

ఊళ్లో ఇళ్ల మీద తిరిగే కోతులు కావు అవి. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర సింహానికి ఉన్నట్టు చిన్న కుచ్చు. పడమటి కనుమల వాన అడవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పుట్టవు. ఆ అడవులు తరిగిపోతున్నాయి, అవీ తరిగిపోతున్నాయి. అందుకే జూలలో పెంచి పిల్లలను పెట్టించాలని పెద్ద జూ వాళ్లు నాలుగింటిని ఇక్కడికి పంపారు. ఏ మగదాని దగ్గర ఏ ఆడదాన్ని ఉంచాలో కూడా వాళ్లే చెబుతారు. దగ్గరి రక్తం కలిస్తే పిల్లలు బలహీనంగా పుడతాయట. ఆ సంగతి చెప్పినప్పుడు సారవ్వ ముక్కు మీద వేలేసుకుంది. “కోతులకు సుత మేనరికం వద్దంటరా? మనోళ్లకు చెప్పినోడు లేడు.”

వానలో పుట్టిన జాతిని తెచ్చి రామగుండం ఎండల్లో పెట్టారు. మే నెలలో ఇక్కడ ఇనుప గొళ్లెం ముట్టుకుంటే వేలు కాలుతుంది. వట్టివేళ్ల తడికెలు కట్టారు, కూలర్లు పెట్టారు. కోతులకు కూలర్లు, మనుషులకు లోవోల్టేజీ అని కాలనీలో ఎగతాళి చేశారు. అయినా సింగళీకాలు మధ్యాహ్నమంతా నోళ్లు తెరుచుకుని కూర్చునేవి. ఒకరోజు సుసన్నా పైపు తీసుకుని రేకుల కప్పు మీదికి నీళ్లు వదిలింది. రేకుల మీద టపటపా చప్పుడు, చూరు నుంచి ధారలు, తడిసిన ఆకుల వాసన. నాలుగూ ఒక్కసారి తలెత్తాయి. తర్వాత ఒకదాని వెనుక ఒకటి ఆ ధారల కిందికి వచ్చి నిలబడ్డాయి. ఆ తర్వాత పార్కుకు వచ్చిన పశువుల డాక్టరు సంహిత కప్పు పొడవునా పైపులు వేయించింది. ఇప్పటికీ ఎండాకాలం మధ్యాహ్నాలు పంపు తిప్పేది సుసన్నాయే. గోదావరిఖనిలో మేలో వాన కురిపించే మనిషిని నేనొక్కదాన్నే అని లోలోపల అనుకుంటుంది. పైకి ఎవరితోనూ అనలేదు.

సంహిత మంథని పిల్ల. వాళ్లింట్లో తరతరాలుగా గుడి సేవ, బడి పంతుళ్ల పని. తను మాత్రం పశువుల డాక్టరయింది. “మా నాయనమ్మ విశాలాక్షమ్మ మొదట ఏడ్చింది అక్కా. కోతులని తెలిసినంక హనుమంతుని సేవనే కదా అని ఊకున్నది,” అని నవ్వుతుంది. సుసన్నాను ఊడ్చే పని నుంచి కీపరు పనికి అడిగి తెచ్చుకున్నది ఆమే. రోజూ సాయంత్రం సుసన్నా ఒక కాగితం ముక్క మీద రాసి ఇచ్చేది. ‘కస్తూరి మంచిగ తిన్నది. దొర మల్ల కొట్టిండు.’ సంహిత దాన్ని చదివి దిద్దేది కాదు. “ఎందుకు కొట్టిండు అక్కా?” అని అడిగేది. ఇంత వయసు వచ్చాక మొదటిసారి ఎవరో తను చూసింది ఏమిటని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కోసం సుసన్నా ఇంకా జాగ్రత్తగా చూడడం మొదలుపెట్టింది.

దొర అంటే మగ సింగళీకం. పళ్లెం పెట్టగానే ముందు అతను వస్తాడు. అరటిపండ్లు, ఉడికిన గుడ్లు, మొలకలు, మంచివన్నీ ఏరుకుని బుగ్గల సంచుల్లో కుక్కుకుని, కడుపు నిండాక కూడా పళ్లెం పక్కనే కూర్చుంటాడు. ఆడవి దూరం నుంచి చూస్తుంటాయి. అతను లేచాక దుంపల తొక్కలు మిగులుతాయి. అది చూసి చూసి సుసన్నాకు ఒళ్లు మండింది. సంహితతో మాట్లాడి పళ్లెం తీసేసింది. తిండిని వెదురు గొట్టాల్లో, కొమ్మల సందుల్లో, ఎండుగడ్డి కింద, నాలుగు మూలలా దాచిపెట్టింది. దొర ఒకేసారి అన్ని చోట్లా ఉండలేడు. ఆ నెలలోనే ఆడవాటి బొచ్చుకు మెరుపు వచ్చింది. ఇంటికి వచ్చి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ ఇంట్లో తను తిన్నది ఏమిటని ఆలోచించుకుంది. మరునాటి నుంచి కంచాలన్నీ ఒకేసారి పెట్టి, అందరితో పాటు తానూ కూర్చుంది. “కోతుల దగ్గర మంచి తెలివి నేర్చినవు,” అంది సారవ్వ. “అవునత్తమ్మా,” అని కూర వేసుకుంది.

కస్తూరి కథ వేరు. చిన్నప్పుడే తల్లి పోతే, దాన్నెక్కడో జూలో మనుషులు సీసాతో పాలు పట్టి పెంచారు. ఉయ్యాల, దుప్పటి, బొమ్మలు, అన్నీ ఉండేవట. తల్లి మాత్రం లేదు. ఇంకో సింగళీకం పిల్లను ఎత్తుకోవడం అది ఎన్నడూ చూడలేదు. రెండేళ్ల కింద మొదటి కాన్పులో పిల్లను గచ్చు మీద వదిలేసి, జాలీ దగ్గరకు వచ్చి, సుసన్నా వైపు చెయ్యి చాపింది. ఇదేమిటి, దీన్నేం చెయ్యాలి అని అడుగుతున్నట్టే ఉంది. అప్పటికి సంహిత ఇంకా పార్కుకు రాలేదు. పిల్లను వెచ్చగా ఉంచే పెట్టె లేదు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియకముందే పిల్ల పోయింది. పిల్లను పొట్టన పెట్టుకున్న తల్లి అన్నారు, రాక్షసి అన్నారు. పక్క బోనుల కీపరు ముత్యం అయితే, “దీనికి తల్లి మనసు లేదక్కా,” అన్నాడు.

ఆ మాటకు సుసన్నాకు అంత కోపం ఎందుకొచ్చిందో ముత్యానికి అర్థం కాలేదు. ఆమెకే పూర్తిగా అర్థం కాలేదు. ఇంటికి నడిచొస్తుంటే దారిలో అర్థమైంది. ఆమె కూడా తల్లి లేని పిల్ల. మేనమామ ఇంట్లో మేకల వెంట పెరిగింది. టోనీ పుట్టినప్పుడు పసిబిడ్డను పట్టుకోవడం ఆమెకు రాలేదు. ఎత్తుకోగానే బిడ్డ తల వెనక్కి వాలింది. సారవ్వ గభాలున లాక్కుంది. “నీకు ఎత్తుకొనుడు రాదు. మెడ ఇరుస్తవు.” ఆ తర్వాత చాలా రోజులు పాలకు మాత్రమే బిడ్డను ఆమె ఒడిలో పెట్టేవారు, తాగగానే తీసుకునేవారు. స్నానం సారవ్వే, జోల సారవ్వే. వచ్చిన చుట్టాలందరితో, మా కోడలికి ఏమీ రాదు అని చెప్పేది. రాదు అన్నారు కానీ, ఇదిగో ఇట్లా పట్టుకో అని చెయ్యి పట్టి ఒక్కరు చూపించలేదు. బిడ్డను తీసుకోవడానికి రెండు చేతులు చాలు. నేర్పడానికి ఓపిక కావాలి. అది ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేకపోయింది.

అందుకే కస్తూరి మళ్లీ కడుపుతో ఉందని తెలిసినప్పుడు, పుట్టగానే పిల్లను తీసి సీసాతో పెంచుదామా అని మీటింగులో మాట వచ్చినప్పుడు, సుసన్నా సంహిత వైపు తిరిగింది. సంహిత అందుకు ఒప్పుకోలేదు. “ఇప్పుడు తీసి పెంచితే పిల్ల బతుకుతది సార్. గని రేపు అది కూడ ఇంకో కస్తూరి అయితది,” అంది. ఇంకెక్కడో జూలో ఇట్లాంటి తల్లులకు బొమ్మతో నేర్పారని విని, ఫోన్లు చేసి అడిగి తెలుసుకుంది. “అక్కా, నేర్పుదామా? కాన్పుకు ఇంకా నాలుగు నెల్లున్నది. ఇదిగూడ పోతే పెద్ద జూ వాళ్లు కస్తూరిని వాపసు తీసుకపోతరు. మన కోతుల ఇల్లు ఖాళీ అయితది.”

బొమ్మను శాలిని కుట్టింది. నల్ల మఖ్మల్ గుడ్డతో ఒళ్లు, గులాబిరంగు గుడ్డతో ముఖం, లోపల పిల్ల బరువు తూగేలా ఇసుక పొట్లం. రోజూ పొద్దున సుసన్నా జాలీకి ఇవతల ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. అవతల కస్తూరికి ఒక బొమ్మ, ఇవతల తన చేతిలో ఇంకొకటి. తను బొమ్మను తల పైకి, పొట్ట తన పొట్టకు ఆనేలా ఎత్తి పట్టుకుని, “ఎదకు,” అనేది. కస్తూరి మొదట బొమ్మ చెయ్యి పీకింది. దాని మీద కూర్చుంది. నీళ్ల తొట్టిలో ముంచింది. శాలిని మూడుసార్లు కొత్త బొమ్మ కుట్టింది. పొరపాటున ఎప్పుడైనా సరిగ్గా పట్టుకుంటే ఒక పల్లికాయ. తర్వాత తర్వాత కాసేపు పట్టుకుంటేనే పల్లికాయ. ఆ తర్వాత బొమ్మను జాలీ దగ్గరకు తెచ్చి చూపిస్తేనే. “సుసన్నక్క బొమ్మలాట ఆడుతున్నది,” అని ముత్యం వచ్చేపోయే వాళ్లకు చూపించేవాడు. ఆమె తలెత్తేది కాదు. మోకాళ్లు నొప్పి పుట్టేవి. నలభైకి దగ్గరపడ్డాక పలక పట్టిన మనిషికి, రానిది రావడానికి ఎంత కాలం పడుతుందో బాగా తెలుసు. వెక్కిరించే వాళ్ల ముందు నేర్చుకోవడం ఎంత కష్టమో కూడా తెలుసు. అందుకే ఆమె కస్తూరిని ఒక్కసారి కూడా కసరలేదు.

సోమవారం పొద్దున సుసన్నా చీర మీద ఖాకీ చొక్కా వేసుకుంటుంటే సారవ్వ మంచంలోంచి లేవకుండానే, “దవాఖానకు గా అంగేసుకొని పోతరా?” అంది. “డ్యూటీకి పోతున్న. టిఫిను టైముకు టోనీ వచ్చి తీసుకపోతడు,” అని చెప్పి బయటపడింది. రాత్రి టోనీ మళ్లీ అడిగితే అంతవరకూ ఒప్పుకుంది. మోకాళ్లు చూపించుకోవడానికి దవాఖానకు వస్తానని మాట ఇచ్చింది.

పార్కులో కస్తూరి ఉండే లోపలి గది తలుపు తెరిచేసరికే పిల్ల పుట్టి ఉంది. తడిసిన నల్లటి ముద్ద, గులాబిరంగు ముఖం, అరచేతిలో పట్టేంత. గడ్డి మీద పడి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది. కస్తూరి దానికి దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. సుసన్నా ఫోను తీసి సంహితకు ఒక్క మాట చెప్పింది. పిల్ల కీచుమంది. కస్తూరి లేచి, జాలీ దగ్గరకు వచ్చి, సుసన్నా వైపు చెయ్యి చాపింది, అప్పటిలాగే.

సంహిత చెప్పులు వదిలేసి, చప్పుడు కాకుండా వచ్చి వెనుక నిలబడింది. వెచ్చటి పెట్టె సిద్ధంగా ఉంది. పిల్ల చల్లబడుతున్నట్టు కనిపిస్తే తీసేయాలని ముందే అనుకున్నారు. “ఇంకా కదులుతున్నది. కొంచెం చూద్దాం,” అంది గుసగుసగా. ఆమె గొంతులో భయం ఉంది. సుసన్నాకూ ఉంది. కానీ ముక్కాలి పీట లాక్కుని రోజూ కూర్చునే చోటనే కూర్చుంది. ఒళ్లో బొమ్మ లేదు, దానికోసం వెతకలేదు. ఖాళీ చేతులను రొమ్ముకు ఆనించుకుని, రోజూ అనే గొంతుతోనే, “ఎదకు, కస్తూరీ,” అంది.

కస్తూరి ఆమె చేతుల వైపు చూసింది. వెనక్కి తిరిగి పిల్లను చూసింది. పోయి, ఒక కాలు పట్టుకుని ఎత్తింది. పిల్ల తలకిందులుగా వేలాడి అరిచింది. సంహిత చెయ్యి సుసన్నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. “ఎదకు,” అంది సుసన్నా మళ్లీ, అంతే నిమ్మళంగా. కస్తూరి పిల్లను తిప్పింది. మళ్లీ తిప్పింది. తల పైకి వచ్చింది, పొట్ట పొట్టకు ఆనింది. అంతవరకు బొమ్మతో చేసిందే. తర్వాత జరిగింది బొమ్మ ఎన్నడూ చేయనిది. పిల్ల తన వేళ్లతో తల్లి బొచ్చును పట్టుకుంది. కస్తూరి ఉలిక్కిపడి కిందికి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత రెండో చెయ్యి కూడా తెచ్చి పిల్ల వీపు మీద వేసింది. పిల్ల ముఖం వెతుక్కుంటూ పోయి రొమ్ము అందుకుంది.

సుసన్నా పల్లికాయ ఇవ్వడానికి చెయ్యి చాపింది. కస్తూరి తీసుకోలేదు. దానికి అప్పుడు పల్లికాయ అక్కరలేకపోయింది. పిల్లను చూసుకోవడంలో సుసన్నా ఉన్న సంగతే మరిచిపోయింది. ఇన్నాళ్లూ జాలీ దగ్గరకు మనుషుల కోసం వచ్చిన జంతువు మొదటిసారి తన వైపు చూడకపోతే, సుసన్నాకు ఒళ్లంతా గర్వంతో నిండిపోయింది. అంత గర్వం ఆమె టోనీ పుట్టినప్పుడు పడలేదు, ఎవరూ పడనివ్వలేదు. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. సంహిత చెయ్యి ఇచ్చి లేపి, అట్లాగే పట్టుకుని నిలబడి, కళ్లు తుడుచుకుంది.

టోనీ వచ్చేసరికి ఇద్దరూ డాక్టరు గదిలో చాయ్ తాగుతున్నారు. కెమెరా తెర మీద కస్తూరి పిల్లను నాకుతోంది. టోనీ తెర ముందు వంగి చూశాడు. “గా బొమ్మలాటతోటి నువ్వు నేర్పినవా అమ్మా?”

“డాక్టరమ్మ, శాలిని, నేను కలిసి నేర్పినం. నేర్చుకున్నది అది.”

కాన్పు అయింది కాబట్టి తల్లి ఇక సిక్కులో ఉంటుందని టోనీ చెబితే అప్పుడే సంహితకు తెలిసింది. ముఖంలో ఒక నీడ పడింది కానీ వద్దనలేదు. “మీ మోకాళ్లు నేను రోజూ చూస్తున్న కదా అక్కా. పోవాలంటే పోండి. ఇక్కడ నేను, ముత్యం చూసుకుంటం. ఫికర్ పెట్టుకోకండి,” అంది. ఉండమని సంహిత బతిమాలితే, సుసన్నా ఆ నెపం మీద ఉండిపోవచ్చు. ఆమె అట్లా బతిమాలలేదు. నిర్ణయం సుసన్నా చేతిలోనే ఉండిపోయింది.

బండి వెనుక కూర్చుని ఆమె టోనీ వీపు చూస్తూ పోయింది. చొక్కా మీద చెమట ఆరిన చారలు ఉన్నాయి. ఇతనికి నౌకరి అక్కరలేదా? ఉంది. కొడుకు కోసం నౌకరి వదిలిన తండ్రులను ఊరు మెచ్చుకుంటుంది, కొడుక్కు ఇవ్వని తల్లిని ఏమంటుందో ఆమెకు తెలుసు. చర్చిలో అంటారు, నల్లా దగ్గర అంటారు. సారవ్వ చచ్చేదాకా అంటుంది. కానీ టోనీ చేతిలో స్టీరింగు ఉంది, పెద్ద బండి లైసెన్సు ఉంది, కంపెనీ ఆపరేటరు పరీక్ష రాసే ఈడు ఉంది. చదువుకోవడానికి తీరిక కావాలంటే ఇల్లు తను నడుపుతుంది, ఇన్నేళ్లు నడపలేదా? అన్‌ఫిట్ అనే మాటను కొడుకు కోసమైనా తన పేరు పక్కన రాయించుకోవడం ఆమెకు సాధ్యంగా కనిపించలేదు. రాదు, చేతకాదు, పనికిరాదు అనే మాటలు ఆమె పేరు పక్కన ఇప్పటికే చాలామంది చాలాసార్లు అన్నారు. వాటికి తను చెయ్యి కలిపి, అవును నిజమే అని సంతకం చెయ్యాలి. అది కూడా ఈ రోజు.

దవాఖానలో డాక్టరు పెద్దవాడు, ఓపికగలవాడు. మోకాళ్లు నొక్కి చూశాడు. వంచి, చాపి చూశాడు. “అరుగుదల మొదలైంది అమ్మా. ఏం పని చేస్తరు మీరు?”

“సింగళీకాలను పెంచుత సార్,” అంది. ఆ మాట అంటుంటే వీపు తనంతట తనే నిటారైంది. “జంతు పార్కుల. ఇయ్యాల పొద్దున పిల్ల పుట్టింది. తల్లి ఎత్తుకున్నది.”

డాక్టరు కలం పట్టుకుని ఆమె వైపు చూశాడు. “మంచిది. మరి డ్యూటీ చెయ్యగలుగుతరా? సిక్కు రాయాల్నా?”

టోనీ పక్కనే ఉన్నాడు. అతని ఊపిరి ఆమెకు వినిపించింది.

“నొస్తయి సార్. పని చేస్తయి,” అంది సుసన్నా. “గోలీలు ఇయ్యుండ్రి. సిక్కు వద్దు.”

బయట మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడి గోలీలు తీసుకుంది. టోనీ దూరంగా బండి దగ్గర నిలబడి తాళంచెవిని వేలికి తిప్పుకుంటున్నాడు. కోపంగా లేడు. ఎత్తుకున్న బరువును ఎక్కడ దించాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

“కాకకు ఏం చెప్పాలె అమ్మా? బాపు నౌకరి ఎటుపాయె అని అడుగుతడు గదా.”

సుసన్నా కొడుకు చొక్కా మీది దుమ్ము దులిపింది. తర్వాత కొంగు సర్దుకుని బండెక్కింది.

“మీ బాపు నౌకరి మీ బాపుతోనే పోయింది బిడ్డా. ఇది నేను నేర్చుకున్నది, నాది అని చెప్పు.”